వాడి సన్నాయి ఆపించకండి

ఎడిన్‌బరో, స్కాట్లండ్,
నవంబరు, ఆదివారం.

అమ్మకు, నాన్నకు నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. నాన్న బీపీ మాత్ర మరిచిపోకుండా వేసుకుంటున్నాడని చెల్లి చెప్పింది, సంతోషం. నాయనమ్మ మోకాళ్లకు నూనె రాయడం మానకండి, చలి మొదలైంది కదా. నా పని బాగానే సాగుతోంది. రాత్రి షిఫ్టులే ఎక్కువ, జీతం వేళకు వస్తోంది. పోయిన నెల పంపిన డబ్బు బోరు మోటారుకే ఖర్చు పెట్టండి, దాచవద్దు.

అమ్మా, మొన్న ఫోనులో నువ్వన్న మాట నాలుగు రోజులుగా నా తలలోంచి పోవడం లేదు. పక్కింటి మేళం వాళ్ల చిన్నవాడు సన్నాయి పట్టాడని, పొద్దున లేదు మధ్యాహ్నం లేదు ఊదుతూనే ఉన్నాడని, నాన్నకు కునుకు పట్టనివ్వడం లేదని చెప్పావు. వాళ్ల పెద్దాయనను పిలిచి గట్టిగా అడుగుతానన్నావు. నేను షిఫ్టుకు బయలుదేరే తొందరలో ‘సరే, అడుగు’ అన్నాను. అలా అని ఉండకూడదు. అడగకు. ఎందుకో మొత్తం రాస్తాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

దూరాన ఉండి చెప్పడం తేలిక అనుకుంటావేమో. నేర్చుకునేవాడి సన్నాయి ఎంత బాధో నాకు తెలుసు. నోట పెట్టుకునే పీకలోని ఆకుల మీద పెదవి పట్టు కాస్త తప్పితే చాలు, స్వరం పగిలి కీచుమంటుంది. మనిషి చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ఉండే శబ్దాలను అన్నిటికంటే పదునుగా పట్టుకుంటుందట. పసిపిల్లల ఏడుపు, కీచుదనం మన చెవిని తాకేది ఎక్కువగా అక్కడే. అందుకే శబ్దం చిన్నదైనా దులిపేసుకోలేం. ఇదంతా నేనెందుకు చదివానంటే, నాకూ ఇక్కడ అదే కష్టం వచ్చింది.

మా పై అంతస్తులో ఒక కుటుంబం ఉంది. వాళ్ల పాపకు తొమ్మిదో పదో ఏళ్లుంటాయి. సెప్టెంబరులో బడిలో వయొలిను మొదలుపెట్టింది. నేను ఉదయం ఇల్లు చేరి, అన్నం తిని, తెరలు దించుకుని పడుకుంటాను. పాప బడి నుంచి వచ్చి నాలుగు కాకముందే కమాను అందుకునేది. ఆ కమానుకు గుర్రపు వెంట్రుకలు కట్టి, చెట్టు బంక నుంచి తీసిన రోజిన్ పూస్తారు. అది తీగను పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, సెకనుకు వందల సార్లు. చేయి కుదిరినవాళ్లు లాగితే పాట. కుదరని చేయి లాగితే నూనె లేని తలుపు బందు. పైగా వీణకున్నట్టు మెట్లు లేవు, వేలు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. అక్టోబరంతా ఒకే చోట, ఒకే నాలుగు స్వరాల దగ్గర, ఆ పాప తప్పుతూనే ఉంది.

ఒకరోజు లేచి, చొక్కా వేసుకుని, మెట్లెక్కి తలుపు కొట్టాను. మర్యాదగానే మాట్లాడాననుకున్నాను. రాత్రంతా పని చేసి వస్తాను, నిద్ర లేదు, ఇక నావల్ల కాదు అన్నాను. వాళ్లమ్మ క్షమించమని అడిగింది. పాప వెనుకే నిలబడి ఉంది. నన్ను చూసి కమాను వీపు వెనుక దాచుకుంది. అమ్మా, ఆ దాచుకోవడం నేను మరిచిపోలేకపోతున్నాను.

వారం రోజులు నిశ్శబ్దం. నిద్ర బాగా పట్టింది, అబద్ధమెందుకు చెప్పాలి. తర్వాత మళ్లీ మొదలైంది, కానీ సన్నగా, ఎవరో నోటికి చీర చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చినట్టు. మెట్ల మీద వాళ్లమ్మ కనబడితే అడిగాను. తీగలు ఆనుకునే చెక్క మీద రబ్బరు ముక్క తగిలిస్తే శబ్దం అణిగిపోతుందట, కొని తెచ్చారట. ‘ఇప్పుడు మీకు ఇబ్బంది లేదు కదా’ అని అడిగింది. లేదన్నాను. అప్పటినుంచి ఆ సన్నని చప్పుడుకే మెలకువ వస్తోంది.

నాన్నా, ఇక్కడ నాతో పనిచేసే ఈ ఊరివాళ్లను చెవికి గిట్టని వాయిద్యమేదని అడిగితే, తమ బ్యాగ్‌పైపు పేరే చెబుతారు. కోటకు వెళ్లే దారిలో, పావడా లాంటి గళ్ల కిల్టు కట్టుకుని, వానలోనూ వాయిస్తుంటారు. చంకలో తిత్తి, దాన్ని నోటితో నింపడం, మోచేత్తో నొక్కడం. భుజం మీది మూడు గొట్టాలు ఒక్క స్వరాన్నే పట్టుకుని ఉంటాయి. వేళ్ల కింది గొట్టంలో పలికేవి తొమ్మిది స్వరాలే. గాలి తెగదు కాబట్టి పాట మధ్యలో ఊపిరి పీల్చుకునే చోటు లేదు, శబ్దం తగ్గించి వాయించడమనేదే లేదు. కోట ముందు ఆగస్టులో జరిగే సైనిక వాద్యాల ఉత్సవం 1950లో మొదలైంది, దానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వచ్చిన కొత్తలో ఆ మోత వినబడితే నేను వీధి మారేవాణ్ని.

తర్వాత ఒక సాయంత్రం వంతెన మీద నడుస్తుంటే, పాట వదిలేసి ఆ మూడు గొట్టాల శ్రుతి ఒక్కటే నా చెవిన పడింది. నిలబడిపోయాను. మన బడి ముందు భాగవతం ఆడిన రాత్రి గుర్తుందా? పందిరి పక్కన ఒక ముసలాయన మేకతోలు తిత్తి చంకలో పెట్టుకుని తెల్లవార్లూ ఒక్క స్వరమే ఊదాడు. వేషాలు మారాయి, పద్యాలు మారాయి, ఆయన స్వరం మాత్రం మారలేదు. నేను నీ తువ్వాలు కప్పుకుని ఆ శబ్దంలోనే నిద్రపోయాను. అదీ ఇదీ ఒకే జాతి వాయిద్యం. ఇప్పుడు వీధి మారడం లేదు. రెండు నిమిషాలు నిలబడి వెళుతున్నాను.

పచ్చళ్లు అందాయి. చింతకాయ తొక్కు సీసా మూత కాస్త కారింది కానీ పాడవలేదు. ఈసారి ఉప్పు కొంచెం తగ్గించు, నాన్న కోసం కూడా.

ఇంకో సంగతి. 2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు మన టీవీలో పెట్టినప్పుడు, తేనెటీగలు ముసిరినట్టు ఒకటే హోరు. టీవీ పాడైందని నాన్న వెనుక తీగలు కదిపి చూశాడు. అది వువుజెలా, పొడుగాటి ప్లాస్టిక్ బూర. పలికేది ఒక్క స్వరమే, దాన్ని స్టేడియమంతా ఒకేసారి ఊదేది. ఆ ఏడే యూరప్ పోటీల్లో దాన్ని నిషేధించారు. దక్షిణాఫ్రికా జనం మాత్రం ‘అది లేని ఆట ఆటేనా’ అన్నారు. నాకు వాళ్ల మాట అర్థమవుతుంది. పెద్దగట్టు జాతరలో బేరీలు మోగుతుంటే, గజ్జెల లాగులు కట్టుకుని ‘ఓ లింగా’ అంటూ గుట్ట ఎక్కుతుంటే, కొత్తవాళ్లకు గుండె అదురుతుంది. మొదటిసారి నేనూ నాన్న భుజం మీద కూర్చుని చెవులు మూసుకుని ఏడ్చాను కదా. ఇప్పుడు ఆ మోత ఒక్కసారి వినిపిస్తే చాలనిపిస్తుంది.

పోయిన నెల ఒక పని చేసి బాధపడ్డాను. అన్నం తినే వేళ మా వైపు వాయిద్యం చూడమని నా పక్కన పనిచేసే అతనికి 12 మెట్ల కిన్నెర వీడియో చూపించాను. నాగర్‌కర్నూల్ వైపు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు కదా, ఆయనదే. వెదురు, సొరకాయ బుర్రలు అని ఎంతో చెప్పాను. అతను కాసేపు ఓపికగా విని, చెవిలో దోమ తిరిగినట్టుందన్నాడు. చెడ్డవాడు కాదు, తోచింది చెప్పాడు. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు. ఆ పాపకూ నేను అలాగే వినిపించి ఉంటాను.

ఇక మన పక్కింటివాడి సంగతి. ఇక్కడ బ్యాగ్‌పైపు నేర్చుకునే పిల్లలు ముందు నెలల తరబడి తిత్తి లేని చిన్న గొట్టం మీద ఇంట్లోనే మెల్లగా సాధన చేస్తారు. వయొలినుకు రబ్బరు ముక్క ఉంది. మనవాడి సన్నాయికి ఏముంది? వాడు తప్పు చేసిన ప్రతిసారీ ఊరంతా వింటుంది. అయినా మళ్లీ ఊదుతున్నాడంటే వాడికి ఎంత మొండితనం ఉండాలి! అక్క పెళ్లిలో అప్పగింతల వేళ వాళ్ల తాత వాయించిన సన్నాయికి నువ్వు గుమ్మం పట్టుకుని ఏడ్చావు. ఆ ఇంట్లో ఇప్పుడు పట్టుకున్నది వీడొక్కడే అని నువ్వే చెప్పావు.

కాబట్టి పెద్దాయనను కాదు, వాణ్నే పిలువు. ఏదైనా తినడానికి పెట్టు. ఒంటిగంట నుంచి మూడింటి వరకు నాన్న పడుకుంటాడు, ఆ రెండు గంటలు వద్దు నాయనా అని చెప్పు, వింటాడు. పొద్దున మన బత్తాయి తోటలో బోరు గది దగ్గర ఎంతసేపైనా వాయించుకోమను. ఇది నాన్నకు కూడా చదివి వినిపించు. నాన్న కాదనడని నాకు తెలుసు.

నేనూ నిన్న ఒక చీటీ రాసి పై ఇంటి తలుపు కింద పెట్టాను. మంగళ, గురువారాలు నాకు సెలవు, ఆ రోజుల్లో పగలు పడుకోను, రబ్బరు తీసేసి వాయించమ్మా అని. ఇంకా ఏ జవాబూ రాలేదు. గురువారం నాలుగింటికి ఇంట్లోనే ఉంటాను.

నాన్న కొత్త మందుల చీటీ ఫొటో తీసి చెల్లితో పంపించండి. వచ్చే ఆదివారం ఫోను చేస్తాను. అప్పుడు వాడు వాయిస్తుంటే కిటికీ మూయకు.

మీ పెద్దవాడు