ఒక్కరోజు ఆపరేషన్‌కు అయిదు రోజులు

విశాఖపట్నం

ప్రియమైన మిత్రమా,

పెదనాన్న హెర్నియా ఆపరేషన్ సంగతి అడిగావు. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. ఆపరేషన్ గంటలోపే ముగిసింది, బాగానే జరిగింది. అయితే పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోవచ్చని డాక్టరుగారు చెప్పిన పని ఆయనకు అయిదు రోజులు పట్టింది.

పాడేరు అవతల నుంచి తొలి బస్సెక్కి, ఘాట్ రోడ్డు దిగి, వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చేవారు ఖాళీ కడుపుతో బయలుదేరరు కదా! పెద్దమ్మ పెట్టిన చద్దన్నం తిని, దారిలో మళ్లీ టిఫిన్ చేసి వచ్చారు. మత్తు ఇచ్చేముందు కనీసం 6 గంటలు అన్నం ముట్టకూడదు, లేకుంటే కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. అందుకే మర్నాటికి వాయిదా వేశారు. నియమం సరైనదే, ముందురోజు ఒక్క ఫోను చేసి ఆ మాట చెప్పేవారు లేకపోవడమే నాకు కష్టంగా తోచింది. పెదనాన్నకు మా ఇల్లుంది, నగరంలో ఎవరూ లేనివారు ఆ రాత్రి ఎక్కడ తలదాచుకుంటారు?

ఆపరేషన్ అయిన రాత్రి ఆయనకు మూత్రం బిగిసింది. నడుముకు మత్తు ఇచ్చినవారిలో అప్పుడప్పుడు ఇలా జరుగుతుందట. ఆటోలో పది నిమిషాల్లో ఆసుపత్రికి తీసుకువెళ్లి గొట్టం వేయించాం. అదే ఊళ్లో అయితే రోడ్డు దాకా డోలీలో మోయాల్సి వచ్చేది. ఆ ఆలోచనకే నాకు నిద్ర పట్టలేదు.

అవసరమైన శస్త్రచికిత్స రెండు గంటల ప్రయాణంలో అందాలని 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ చెప్పింది. మన ఊరికి ఆ దూరంలో ఉన్నది పాడేరే. 2024లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది కనుక, హెర్నియా, బుడ్డ వంటి ఆపరేషన్లు అక్కడే క్రమం తప్పకుండా జరగాలని నా గట్టి కోరిక. సర్జన్ ఒక్కరే ఉంటే చాలదు, మత్తు డాక్టరు, నిలకడైన కరెంటు, రాత్రి పిలిస్తే పలికే నర్సు కూడా కావాలి. శుక్లాల ఆపరేషన్లకు కంటి ఆసుపత్రులు పల్లెల నుంచి బస్సులో తెచ్చి, పడుకోబెట్టి, తిరిగి దింపుతున్నాయి. మిగతావాటికి ఆ ఏర్పాటు ఎందుకు కుదరదు? ఉచిత వైద్యం కార్డు ఆపరేషన్ ఖర్చు భరించింది గానీ, కాఫీ పండ్ల కోత రోజుల్లో ఆయనకు తోడుగా వచ్చిన అన్నయ్య పోగొట్టుకున్న కూలిని భరించలేదు.

సోమవారం కుట్లు విప్పాలి. దానికోసం మళ్లీ ఘాట్ దిగనవసరం లేకుండా, మీ ఆరోగ్య కేంద్రంలోని నర్సమ్మతో ఒకసారి మాట్లాడిపెట్టు. ఆసుపత్రి కాగితం ఫొటో పంపుతున్నాను.

నీ మిత్రుడు