అరుణా మిల్లర్ డెలిగేట్‌గా ఉన్న రోజుల గురించీ రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

అరుణా మిల్లర్ గారి గురించి మన పత్రికల్లో ఎప్పుడు వచ్చినా ఒకటే కథ. హైదరాబాదులో పుట్టిన కాట్రగడ్డ వారి అమ్మాయి ఏడేళ్ల వయసులో, 1972లో అమెరికా వెళ్లింది, 2023 జనవరిలో భగవద్గీత మీద ప్రమాణం చేసి మేరీల్యాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ (అక్కడ ఎన్నికల్లో గెలిచే, గవర్నర్ తర్వాతి పదవి) అయ్యింది. చదివితే నాకూ సంతోషమే. కానీ మధ్యలో యాభై ఏళ్లు ఏమయ్యాయండీ?

ఆవిడ సివిల్ ఇంజనీరు. మేరీల్యాండ్‌లోనే మాంట్‌గొమరీ కౌంటీ (మన జిల్లా లాంటిది) రవాణా శాఖలో పాతికేళ్లు పనిచేశారు. స్కూళ్ల దగ్గర, ఆఫీసుల దగ్గర నడిచేవాళ్లకి, సైకిళ్ల మీద వెళ్లేవాళ్లకి, దివ్యాంగులకి దారి భద్రంగా ఉండేలా చూడటం ఆ పనిలో భాగం. రోడ్డు దాటడానికి పెద్దవాళ్లు ఎంత భయపడతారో మా అమ్మని రోజూ చూస్తున్నాను కాబట్టి నాకు ఇదే పెద్ద విషయంగా కనిపిస్తుంది. అమెరికా పౌరసత్వం 2000లో వచ్చింది, పదేళ్లకే 2010లో డెలిగేట్‌గా, అంటే మన ఎమ్మెల్యే లాంటి పదవికి గెలిచారు, 2014లో మళ్లీ గెలిచారు.

అక్కడి పద్ధతి కూడా మన పాఠకులకి చెప్పాల్సిందే. మేరీల్యాండ్ రాజధాని అన్నాపొలిస్‌లో శాసనసభ ఏటా జనవరిలో మొదలై 90 రోజులు నడుస్తుంది, అది అయ్యాక చాలామంది సభ్యులు మళ్లీ ఎవరి ఉద్యోగం వాళ్లు చూసుకుంటారు. కమిటీ ముందు బిల్లు విచారణకి వచ్చినప్పుడు మామూలు మనుషులు కూడా వెళ్లి కూర్చుని తమ మాట చెప్పుకోవచ్చు. ఇంకో విచిత్రం, గవర్నర్ పెట్టిన బడ్జెట్‌లో ఆ రోజుల్లో సభ్యులు కోత పెట్టగలరు గానీ పెంచే అధికారం దాదాపు లేదు.

2018లో ఆవిడ డెలిగేట్ సీటు వదులుకుని అమెరికా కాంగ్రెస్‌కి పోటీ చేశారు. డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, సొంత డబ్బు భారీగా ఖర్చు పెట్టిన వ్యాపారి డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడిపోయారు. ఈ ఓటమి మన వార్తల్లో ఒక్క వాక్యం కూడా ఉండదు, నాకు మాత్రం మొత్తం కథలో అదే ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే ఉన్న పదవీ పోయి, కోరుకున్నదీ రాక నాలుగేళ్లు గడిచాక 2022లో గవర్నర్ పదవికి పోటీ చేసిన వెస్ మూర్‌తో కలిసి మళ్లీ జనం ముందుకి వచ్చారు.

ఈసారి ఆవిడతో ఇంటర్వ్యూ దొరికితే ఇష్టమైన వంట, పుట్టిన ఊరు పక్కన పెట్టి, మీ రిపోర్టరుని ఒక్కటి అడగమనండి: బడ్జెట్ పెంచే వీలే లేని సభలో కూర్చుని, ఒక రోడ్ల ఇంజనీరు తన నియోజకవర్గానికి ఏం తేగలిగారు, ఎలా తెచ్చారు?

— ఒక పాఠకురాలు, విజయవాడ