బండి పంపడం అంత సులువా?

సంపాదకుడు గారికి,

ఉద్యోగానికి అండమాన్ వెళ్లేవాళ్లు సొంత బండిని ఓడలో తీసుకెళ్లడం ఇప్పుడు చాలా సులువని గత వారం మీ జిల్లా పేజీలో రాశారు. రాసినాయన ఎప్పుడైనా బండి పంపారా? కోపం తగ్గాక రాద్దామని ఆగాను, తగ్గలేదు.

మా తమ్ముడి కొడుక్కి పోర్ట్‌బ్లెయిర్‌లో (2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు లెండి) ఓ హోటల్లో ఎలక్ట్రీషియన్ పని దొరికింది. వాయిదాల మీద కొన్న బైకు. బండిని వేరే చోటికి మార్చుకోడానికి అభ్యంతరం లేదని ఆర్టీఓ ఆఫీసు ఇచ్చే కాగితం, అదే ఎన్‌ఓసీ, ఫారం 28తో తీసుకోవాలి. దరఖాస్తు ఆన్‌లైనే. కానీ ప్రింటు తీసి, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ ముద్ర పట్టుకుని మళ్లీ కౌంటరు ముందే నిలబడాలి. ఫైనాన్స్ వాళ్లేమో అప్పు తీరాకే తమ ఒప్పుకోలు కాగితం అంటారు. పక్కన 'దళారులను ఆశ్రయించకండి' అన్న బోర్డు, దాని కిందే వాళ్ల కుర్చీలు.

విశాఖ రేవులో ఇంకో తమాషా. ట్యాంకులో పెట్రోలు ఉండకూడదట. ముందు చెప్పిన నాథుడు లేడు. గేటు దగ్గర ఎర్రటెండలో పైపు పెట్టి, నోటితో పీల్చి, వాటర్ బాటిల్లోకి దింపాడు పిల్లాడు.

ఏడాది దాటి అక్కడే ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, పన్ను కట్టాలి. సరే, చట్టం. మరి ఇక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలింది వెనక్కి రావాలి కదా అని ఆర్టీఓ ఆఫీసులో అడిగితే, "అక్కడ రిజిస్ట్రేషన్ అయ్యాక రండి" అన్నారు. వాడు సముద్రం దాటి రావాలా ఆ డబ్బు కోసం? రాష్ట్రం మారినా మళ్లీ రిజిస్ట్రేషన్ అక్కర్లేని బీహెచ్ (భారత్) సిరీస్ నంబరుంటే ఈ బాధ లేదని ఓ పెద్దమనిషి సలహా. అది ప్రభుత్వ ఉద్యోగులకూ, నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల వాళ్లకూ. మా ఉద్దానం పిల్లలకు ఎవరిస్తారు?

వలస పోవడం ఈ జిల్లాకు కొత్త కాదు. ఒకప్పుడు కళింగపట్నంలో ఓడలు ఆగేవి, ఇప్పుడు లైట్‌హౌస్ దగ్గర సెల్ఫీలు దిగుతున్నారు. ఈ జిల్లాలోనే మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేస్తే మీ పేపర్లోనూ ఫొటోలు వేశారు. మేం మాత్రం ఒక్క బైకుకి విశాఖ పరుగెత్తాం.

ఎన్‌ఓసీ ఇచ్చేటప్పుడే పన్ను వాపసు దరఖాస్తూ తీసుకోమనండి. ఓడకి బండి అప్పగించాలంటే ఏమేం కావాలో తెలుగులో ఒక కాగితం రాసి, ఆ దళారుల బోర్డు పక్కనే అంటించమనండి.

— ఒక పాఠకుడు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా