హిమానీనదం నీరు స్వేదన జలం కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో హిమానీనదాల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఎంత మంచు కరుగుతోందో ఓపిగ్గా వివరించారు, బాగుంది. కానీ ‘జీవమన్నదే లేని ఆ మంచు నుంచి స్వేదన జలమంత శుద్ధమైన నీరు పుడుతుంది’ అన్నారు చూడండి, అక్కడ నాకు ముద్ద దిగలేదు. ఉద్యోగమంతా బడిపిల్లలకు రసాయన శాస్త్రం చెప్పినవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

కిందటి వేసవిలో మా అల్లుడు గంగోత్రి హిమానీనదం కరిగి గంగ బయటపడే గోముఖ్ దాకా నడిచి వెళ్లి సీసాతో నీళ్లు పట్టి తెచ్చాడు. మా ఆవిడ పూజకు తీసుకోగా మిగిలినవి నా పాలబడ్డాయి. బూడిద కలిపినట్టున్న ఆ నీరు రాత్రంతా కదపకుండా ఉంచినా పూర్తిగా తేరుకోలేదు. మంచు కదులుతూ అడుగున ఉన్న రాతిని నూరగా వచ్చిన పిండి అది. వడపోత కాగితంతో వడకట్టి ఒక పరీక్ష నాళికలో పోశాను. పక్క నాళికలో బ్యాటరీకి పోసే స్వేదన జలం. రెండింటిలోనూ కొంచెం సజల హైడ్రోక్లోరికామ్లం, ఆపైన బేరియం క్లోరైడు చుక్కలు వేశాను. స్వేదన జలంలో మార్పు లేదు. గోముఖ్ నీరు తెల్లగా మసకబారింది. అది సల్ఫేటు అని పదో తరగతి పిల్లవాడైనా చెబుతాడు.

ఆ సల్ఫేటు ఎక్కడిది? అక్కడి నీటిని పరిశోధించినవారు చాలావరకు రాతిలోని పైరైటువల్లే అంటున్నారు. ఇనుము, గంధకం కలిసిన ఈ ఖనిజం పొడి అయినకొద్దీ నీటికీ ఆక్సిజన్‌కూ చిక్కి సల్ఫ్యూరికామ్లం తయారవుతుంది. ఆ ఆమ్లం సున్నపు ఖనిజాలను కరిగిస్తే కాల్షియం నీటిలో చేరుతుంది. ఈ చర్య దానంతటది జరిగితే నత్తనడకే. దాన్ని తొందరపెట్టేవి బాక్టీరియా. ఎండ సోకని చోట, మంచుకూ రాతికీ నడుమ, పైరైటును ఆక్సీకరణం చేయగా వచ్చే శక్తితోనే వాటిలో కొన్ని బతుకుతాయి.

2013 జనవరిలో అమెరికా శాస్త్రజ్ఞులు అంటార్కిటికాలో సుమారు 800 మీటర్ల మంచును వేడినీటితో తొలిచి, దాని అడుగున ఉన్న విలాన్స్ సరస్సును చేరారు. పైనున్న క్రిములు లోపలికి పోకూడదని తొలిచే నీటిని కూడా వడకట్టి, అతినీలలోహిత కిరణాలతో శుద్ధిచేశారు. అంత జాగ్రత్తగా తీసిన సరస్సు నీటిలో మిల్లీలీటరుకు దాదాపు 1,30,000 సూక్ష్మజీవ కణాలు కనిపించాయి. మీరు జీవమన్నదే లేదన్న చోటు ఇదీ!

అంటార్కిటికా దాకా పోనక్కరలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రజ్ఞులు ఉత్తరాఖండ్‌లోని పిండారీ హిమానీనదం నుంచి ఒక కొత్త బాక్టీరియాను వేరుచేసి, 2008లో దానికి తమ సంస్థ పేరే కలిపి ‘బాసిల్లస్ సెసెంబెన్సిస్’ అని నామకరణం చేశారు. హిమాచల్‌లోని హమ్టా హిమానీనదం నుంచి అంతకుముందే మరొకదాన్ని పట్టారు. ఆ సంస్థ ఉన్న హబ్సిగూడలో జరిగిన ఈ పని మీ వ్యాసకర్త కంట పడకపోవడమే నాకు ఎక్కువ కష్టం కలిగించింది.

గంగాజలం మహిమతో నాకు పేచీ లేదు. మా ఇంట్లో ఆ సీసా ఇప్పటికీ పూజగదిలోనే ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని సవరిస్తూ వచ్చే వారం నాలుగు ముక్కలు వేయండి. పిల్లలు మీ అనుబంధంలోని వ్యాసాలు కత్తిరించి ప్రాజెక్టు పుస్తకాల్లో అంటిస్తుంటారు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ