బోరు చెప్పిన సంగతి రాసిపెట్టండి

సంపాదకులకు,

నమస్కారం. యాసంగి నాట్లు మొదలయ్యాయంటే ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో రాత్రంతా బోరు బండ్ల చప్పుడు వినిపిస్తుంది. వానాకాలంలో మీ జిల్లా పేజీ తెరిస్తే వాగులు రోడ్డెక్కిన ఫొటోలే. ఎండిన బోర్లది ఒక వార్త, మునిగిన కాలనీలది మరో వార్త. నిజానికి ఈ రెండింటి మూలమూ మన కాళ్ల కింద ఉన్న రాయిలోనే ఉంది. ఆ రాయి సంగతి ఊరివారీగా తెలుసుకుని, నమోదు చేసి, రైతు కంటికి కనపడేలా పెట్టే ఏర్పాటు ఇంతవరకు లేదు. దాని గురించే ఈ ఉత్తరం.

నేను దేవరకొండ ప్రాంతంలో డిగ్రీ విద్యార్థులకు భూగోళశాస్త్రం బోధిస్తాను. కృష్ణా ఒడ్డున హుజూర్‌నగర్, మఠంపల్లి వైపు ఉన్న సున్నపురాయి, పడమట కొడంగల్ వైపు నల్లరేగడి కింద ఉన్న లావా రాయి వంటివి పక్కన పెడితే, మన రెండు జిల్లాల్లో అధిక భాగం గ్రానైటు, నీస్ శిలలే. వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. నీటిని ఇసుక తనలో నింపుకున్నట్టు ఈ రాయి నింపుకోదు. నీరు నిలిచేదంతా పైన శిథిలమైన మొరంలోనూ, దాని కింద పగుళ్లు బారిన బండలోనూ. ఆ కింద ఉన్నది పగుళ్లు లేని పచ్చి రాయి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఫ్రాన్స్ నిపుణులతో కలిసి మహేశ్వరం దగ్గర ఏళ్ల తరబడి పరిశోధించారు. అక్కడ నీరు ధారాళంగా పారే పగుళ్లు చాలా వరకు పై 35 మీటర్లలోనే, అంటే దాదాపు 115 అడుగుల లోపే ఉన్నాయని తేల్చారు. మన నల్లగొండ గడ్డ మీదే, చౌటుప్పల్ దగ్గర, ఇదే పనికి ఆ సంస్థ ఒక ప్రయోగ క్షేత్రం నడుపుతోంది. ఇంత దగ్గర్లో పుట్టిన జ్ఞానం పక్క ఊరి రైతుకు చేరలేదు. అతను ఇప్పటికీ అరచేతిలో కొబ్బరికాయ నిలబడిన చోటే బోరు వేయిస్తున్నాడు. వంద అడుగుల్లో నీరు పడకపోతే ఆరు వందలకు, ఏడు వందలకు దింపిస్తున్నాడు. లోతుకు పోతే ఎక్కడో ఒక పెద్ద పగులు తగిలి నీరు పైకి ఎగజిమ్మవచ్చు, కాదనను. కానీ దానికి పై నుంచి నీరు చేరే దారి సన్నగా ఉంటే ఆ సంబరం ఒకటి రెండు పంటలకే అయిపోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది.

ఈ రాతి నేలలో నీటి లెక్క ఎంత కఠినమైనదో చెప్పాలి. నీటితో నిండిన మొరం, పగుళ్ల బండ నుంచి మనం తోడుకోగలిగేది వంద లీటర్ల పరిమాణానికి ఒకటి రెండు లీటర్లే. అందుకే 30 మిల్లీమీటర్ల వాన నీరు లోపలికి ఇంకితే బావిలో మట్టం రెండు మీటర్ల దాకా లేస్తుంది. ఒక్క మంచి వానకు బావులు నిండడం చూసి మనం మురిసిపోతాం. ఆ నిండుదనం వెనుక ఉన్న నీరు చాలా కొద్ది, తోడితే అంతే వేగంగా దిగిపోతుంది. మహబూబ్‌నగర్ వైపు ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే మండలాలు ఉన్నాయి. అందులో పదో వంతు ఇంకిందనుకుంటే 60 మిల్లీమీటర్లు. యాసంగి వరికి పెట్టేది వెయ్యి మిల్లీమీటర్లకు పైమాటే. మడిలోంచి కొంత తిరిగి ఇంకుతుందని తగ్గించుకున్నా, బోరు కింద ఒక ఎకరం వరి చాలా ఎకరాల వాన నీటిని తాగేస్తుంది. వరి వేసే రైతును నేను తప్పుపట్టడం లేదు. మద్దతు ధర, కొనుగోలు భరోసా ఉన్న పంట అదే. ఏ ఊరి కింద ఎంత నీరుందో అతనికి ఎవరూ చెప్పకపోవడమే నా బాధ.

ఇక ఫ్లోరైడు. మన గ్రానైటులోని ఫ్లోరైటు, అపటైటు, బయొటైటు వంటి ఖనిజాల నుంచి అది నీటిలోకి దిగుతుంది. రాతి పగుళ్లలో నీరు ఎంత కాలం నిలిస్తే అంత ఎక్కువ దిగే అవకాశం ఉంటుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం ప్రాంతాల్లో వంకర తిరిగిన ఎముకలతో తరాలు గడిచిపోయాయి. పటికతో, సున్నంతో ఫ్లోరైడును తొలగించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టి పిలుస్తోంది. ఇళ్లకు కృష్ణా నీరు రావడం నిజంగా గొప్ప మేలు. అయినా పశువులు తాగేదీ, పైపు ఆగిపోయిన రోజున మనిషి తాగేదీ ఆ బోరు నీళ్లే. ఏ బోరులో ఎంత ఉందో ఆ బోరు మీదే రాసి ఉండాలి.

వరదల వైపు చూడండి. పల్చటి మొరం త్వరగా నిండుతుంది. దాని పక్కనే పరుపు బండ ఉంటుంది, దాని మీద పడిన చుక్క ఇంకదు, పారుతుంది. పది చదరపు కిలోమీటర్ల మీద పది సెంటీమీటర్ల వాన పడిందంటే వంద కోట్ల లీటర్ల నీరు. అందులో సగం పారినా ఏ చిన్న వాగైనా గంటల్లో ఉగ్రరూపం దాలుస్తుంది. మన పెద్దలు గొలుసుకట్టు చెరువులు కట్టింది ఈ నేల స్వభావం తెలిసే. పై చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండేది, నీరు ఊరి దగ్గర ఆగి ఆగి కిందికి వెళ్లేది, ఆ ఆగిన చోటల్లా బావులకు ఊట అందేది. కరువుకూ వరదకూ వాళ్లకు మందు ఒక్కటే. మిషన్ కాకతీయలో పూడిక తీశాం, మంచిదే. కానీ చెరువుకూ చెరువుకూ మధ్య ఉన్న కాలువల మీద ప్లాట్లు లేచాక, నిండిన చెరువు నీరు ఎటు పోవాలి? 2024 సెప్టెంబరు 1న కోదాడలో ఇళ్లు మునిగి ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. వాన పడితేనే ప్రమాదం అనుకోవడానికి కూడా లేదు. కొత్తకోట దగ్గర సరళాసాగర్ జలాశయం కట్ట 2019 డిసెంబరు 31న, ఏ తుపానూ లేని రోజున తెగింది. మట్టికట్ట లోపల నీరు ఎలా నడుస్తుందో కనిపెట్టి ఉండే కళ్లు ఏడాది పొడవునా కావాలి.

పెద్ద నది వరద వేరు. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చినప్పుడు అలంపూర్ ప్రాంతం, రాజోలి మునిగిన తీరు ఎవరూ మరువలేదు. కృష్ణా, తుంగభద్రల మీద ఎగువ డ్యాముల నుంచి ముందస్తు సమాచారమైనా వస్తుంది. దుందుభికీ, హాలియా వాగుకూ, పేరులేని పాయలకూ ఆ మాత్రం కబురు చెప్పేవారు లేరు.

అయితే సమాచారమే లేదా అంటే ఉంది, ముక్కలు ముక్కలుగా ఉంది. శిలల పటాలు ఒక సంస్థ దగ్గర, భూగర్భ జల మట్టాలు మరో శాఖ దగ్గర, చెరువుల హద్దులు నీటిపారుదల శాఖ దగ్గర, మునిగిన ఇళ్ల జాబితా రెవెన్యూ దగ్గర. కేంద్ర భూగర్భ జల మండలి 2012 నుంచి జలస్తరాల, అంటే భూమిలో నీరు నిలిచే పొరల, పటాలు తయారు చేస్తోంది. అవి ఇంగ్లిషులో, నిపుణుల కోసం రాసినవి. ఒక జిల్లాకు గీసిన పటంలో ఒక రైతు చెలక కనపడదు.

ఆ చెలకను చూపగలిగే సమాచారం ప్రతి రాత్రీ మన కళ్ల ముందే పుడుతోంది, తెల్లారేసరికి పోతోంది. బోరు వేసేటప్పుడు కేసింగ్ పైపును మెత్తటి మొరం దాటి గట్టి బండ తగిలేదాకా దింపుతారు. అంటే దిగిన కేసింగ్ పొడవే ఆ చోట మొరం మందం. ఎన్ని అడుగుల దగ్గర తొలి తడి తగిలింది, ఎక్కడ నీరు పెరిగింది, ఏ రంగు పొడి వచ్చింది అన్నవి బోరు బండి మీద పనిచేసేవాళ్లకు నోటిమీదే ఉంటాయి. నల్లటి పొడి వరుసగా కొన్ని చోట్ల వచ్చిందంటే భూమి లోపల నల్లరాతి గోడ ఉందని అనుమానించాలి. కిలోమీటర్ల కొద్దీ సాగే అలాంటి గోడలు మన చెలకల్లో ఎన్నో. పగుళ్లు లేని గోడ అయితే నీటికి అడ్డు నిలుస్తుంది, ఎగువ బావి నిండుగా ఉండి దిగువ బోరు ఎండుతుంది. ఆ దిగువన ఎన్ని బోర్లు వేసినా డబ్బు దండగ. ఈ లెక్కలే ఊరికి వంద పోగైతే, ఏ శాస్త్రవేత్త అయినా ఆ ఊరి మొరం పటం గీసి ఇస్తాడు. ఇంకుడు చెరువు ఎక్కడ తవ్వితే నీరు దిగుతుందో, ఎక్కడ తవ్వితే ఎండకు ఆవిరవుతుందో అప్పుడు తెలుస్తుంది.

నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం కింద కొత్త బోరుకు అనుమతి అవసరం. బోరు బండ్ల నమోదుకూ ఏర్పాటు ఉంది. ఆ అనుమతి కాగితంతో పాటు ఒక పేజీ వివరాలు, అంటే కేసింగ్ పొడవు, తడి తగిలిన లోతులు, పడిన నీరు, బోరు ఎండితే ఆ సంగతి, పంచాయతీకి ఇవ్వడం తప్పనిసరి చేయాలి. ఎండిన బోరు వివరం మరీ ముఖ్యం. దాన్ని ఎవరూ చెప్పరు, పక్క రైతు అదే గుంతలో మళ్లీ డబ్బు పోస్తాడు. అలాగే వరద వచ్చిన ప్రతిసారీ బడి గోడ మీద, కల్వర్టు స్తంభం మీద నీటి ఎత్తు గీసి తేదీ వేయాలి. కొత్త ప్లాటుకూ రోడ్డుకూ అనుమతి ఇచ్చేవారు ముందు ఆ గీత చూడాలి.

రైతులకు ఇవన్నీ ఎక్కడ అర్థమవుతాయి అనేవారున్నారు. 2000ల దశకంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు జిల్లాల్లో, మన మహబూబ్‌నగర్, నల్లగొండలు సహా, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే వర్షపాతం కొలిచారు, బావుల మట్టాలు కొలిచి గోడల మీద రాశారు, యాసంగికి ముందు ఊరంతా కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. చదువురాని మహిళలు కూడా టేపు వదిలి లోతు చెప్పారు. ప్రాజెక్టు గడువు తీరాక ఆ పని చాలా చోట్ల ఆగిపోయింది. దాన్ని ప్రాజెక్టుగా కాక పంచాయతీ విధిగా మళ్లీ మొదలుపెట్టాలి. నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం ఈ లెక్కలను కలిపి తెలుగులో పటాలుగా ఇచ్చే బాధ్యత తీసుకోవాలి.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో నీరూ మట్టీ విరుచుకుపడి ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పుడు భూగర్భ శాస్త్రవేత్తలను హుటాహుటిన పిలిపించారు. శాస్త్రవేత్తలు రావాల్సింది అలాంటి రోజున మాత్రమే కాదు.

మా విద్యార్థులు తమ తమ ఊళ్లలో బావుల మట్టాలు కొలిచి నోటు పుస్తకాల్లో రాస్తున్నారు. కొత్తగా వేసే బోర్ల వివరాలు కూడా సేకరించడానికి సిద్ధంగా ఉన్నారు. వాటిని ఏ నమూనాలో రాయాలో, ఏ కార్యాలయంలో ఇవ్వాలో ఈ యాసంగి బోర్లు మొదలవకముందే సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారా తెలియజేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
భూగోళశాస్త్ర అధ్యాపకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా