మానెయ్యమంటే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

'అంత ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చుగా' అని నన్ను అడగనివాళ్లు లేరు. పగలు డిగ్రీ చదువుతూ సాయంత్రాలు ఒక దుకాణంలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడతాను. ఆ పని నాకు అస్సలు నచ్చదు. కానీ పరీక్ష ఫీజు, గది అద్దె ఆ జీతంతోనే గడుస్తున్నాయి. మానేస్తే వచ్చే నెల ఎలా గడుస్తుందో ఈ సలహాదారులు ఎవరూ చెప్పరు.

పనికన్నా టెన్షన్ పెట్టేది షిఫ్టుల తీరు. వారం మొత్తం షిఫ్టులు ఆదివారం రాత్రి పొద్దుపోయాక ఫోన్‌కు వస్తాయి. పరీక్ష ముందురోజు వేశారేమిటని అడిగితే, 'కుదరకపోతే చెప్పమ్మా, వేరేవాళ్లను చూసుకుంటాం' అంటారు. షట్టర్ దించాక నగదు లెక్క తేలేదాకా కదలనివ్వరు, ఆ సమయానికి జీతం కట్టరు. లెక్కలో పదో పరకో తేడా వస్తే మాత్రం మా జీతంలోంచే కోత. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ఫుల్‌టైమ్ ఉద్యోగులకు ఉన్నట్టే పార్ట్‌టైమ్ వాళ్లకూ పనిలో భద్రత, వివక్ష నుంచి రక్షణ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1994లోనే 175వ ఒప్పందంలో రాసింది. పార్ట్‌టైమ్ అన్న ఒక్క కారణంతో గంటకు కట్టే మూల వేతనం తగ్గించకూడదనీ అందులో ఉంది. మా కౌంటర్ దగ్గర ఆ మాట విన్నవాళ్లు లేరు.

షిఫ్టులు కనీసం వారం ముందు చెప్పాలని, లెక్క చూసే సమయానికీ జీతం ఇవ్వాలని యజమానులను గట్టిగా అడుగుతూ మీ పత్రిక రాయాలని కోరుతున్నాను.

– ఒక డిగ్రీ విద్యార్థిని