'ఒక్క ఫెయిల్యూర్ కూడా ఉండరాదు' షరతు తీసేయండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

పంపుసెట్ కంట్రోల్ ప్యానెళ్ల టెండరులో, 100 గంటల పరీక్షలో 'ఒక్క ఫెయిల్యూర్ కూడా ఉండరాదు' అన్న షరతు గురించి బాలానగర్, చర్లపల్లి చిన్న తయారీదారులం వినతిపత్రాలు ఇచ్చాం. సవరిస్తామని మాటిచ్చారు. కొత్త టెండరులో అదే వాక్యం అక్షరం మారకుండా వచ్చింది.

అయ్యా, కొత్త డిజైను మొదటి దశ పరీక్షలో చెడిపోతుంది. చెడిపోయేది ఎక్కడో తెలియాలనే పరీక్ష పెడతాం. మూసిన పెట్టెలో వేడి పెరిగితే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు సగమవుతుంది. మోటారు స్టార్టయ్యేటప్పుడు లాగే కరెంటుకు కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) పాయింట్లు అతుక్కుపోతాయి. బోర్డు మీద పూత సరిగా లేకపోతే వానాకాలం తేమకు ట్రాకుల (బోర్డు మీది రాగి గీతల) మధ్య కరెంటు లీకేజీ మొదలవుతుంది. ఇవన్నీ షెడ్డులో బయటపడకపోతే రైతు పొలంలో బయటపడతాయి, అదీ పంటకు నీళ్లు కావలసిన రోజున.

అయిదు ప్యానెళ్లు ఒక్కోటి 100 గంటలు నడిపితే మొత్తం 500 గంటల్లో 10 ఫెయిల్యూర్లు వచ్చాయనుకోండి. సగటున 50 గంటలకొకటి. ప్రతి లోపానికీ కారణం పట్టుకుని, వెంటనే సరిదిద్ది, 2,000 గంటలకు చేరేసరికి మొత్తం 23 అయ్యాయి. సగటు 87 గంటలు. ఇందులో తొలినాళ్ల ఫెయిల్యూర్లన్నీ కలిసే ఉన్నాయి. 1960లలో ఇంజినీరు డ్యువాన్ చూపినట్టు మొత్తం గంటలనూ ఈ సగటునూ లాగ్ స్కేలు గ్రాఫు మీద గీస్తే, గీత వాలు 0.4. ఇవాళ్టి డిజైను సంగతి తెలియాలంటే 87ను 1 లోంచి ఆ 0.4 తీసేయగా మిగిలే 0.6తో భాగించాలి: ఇవాళ్టి డిజైను దాదాపు 145 గంటలకొకసారి చెడుతుంది. దాదాపు మూడు రెట్లు మెరుగుపడిన ఈ ప్యానెల్ మీ షరతు ప్రకారం అనర్హం!

మరి అర్హమయ్యేదేమిటి? 50 గంటలకొకసారి చెడే ప్యానెల్ కూడా 100 గంటలు గట్టెక్కే అవకాశం 13 శాతం పైనే ఉంది. ఏడెనిమిది పెట్టి, నిలిచిన ఒక్కదాని రిపోర్టు ఇస్తే చాలు. ఏ ఫెయిల్యూరూ లేని 100 గంటల పరీక్షతో 90 శాతం నమ్మకంతో రుజువయ్యేది, ఫెయిల్యూర్ల మధ్య సగటు వ్యవధి కనీసం 43 గంటలని మాత్రమే. ఆ సగటు 500 గంటలని చెప్పాలంటే ఫెయిల్యూర్ లేకుండా 1,150 గంటలు నడవాలి. ఈ షరతు లోపాలు దాచినవారికి కాంట్రాక్టులిస్తోంది, రాసిపెట్టుకున్నవారిని బయటికి పంపుతోంది.

మేమడిగేది మినహాయింపు కాదు. దశలవారీ రికార్డు అడగండి: ఏ గంటకు ఏది చెడింది, కారణమేమిటి, ఏ మార్పు చేశారు, అది ఏ గంట నుంచి అమల్లోకి వచ్చింది. మార్పులన్నీ దశ చివర ఒకేసారి చేసినచోట ఒకే గీత గీయనివ్వకండి, ఏ దశ లెక్క ఆ దశకే వేయించండి. ఒక మార్పుతో లోపం పూర్తిగా పోయిందన్న మాటనూ నమ్మకండి. సాధారణంగా ఆ లోపం రేటులో 70 శాతం తగ్గినట్టే లెక్క వేస్తారు. చివరి దశలో డిజైను ఏమాత్రం మార్చకుండా, మీ ఇంజినీర్ల ఎదుటే నడిపించండి.

ఇన్ని చేయడం వీలుకాదంటే, బిడ్ల గడువు ముగిసేలోపు ఆ ఒక్క వాక్యమైనా తీసేయించండి. చేతులు జోడించి అడుగుతున్నాం.

ఇట్లు,
చిన్న తరహా ప్యానెల్ తయారీదారులు,
హైదరాబాద్